బ్రేకమ్మ అమ్మిన కార్లు

ఆ వీధిలో ఎవరి దగ్గరైనా కారు కొనాలంటే బేరం కుదిరితే చాలు. బ్రేకమ్మ దగ్గర కొనాలంటే మాత్రం పరీక్ష పాసవ్వాలి. వచ్చినవాళ్లు బోనెట్ ఎత్తి చూసుకోవచ్చు, టైర్లు తన్ని చూసుకోవచ్చు, నేల మీద వెల్లకిలా పడుకుని సైలెన్సర్ తట్టి చూసుకోవచ్చు. అదంతా అయ్యేదాకా ఆమె చేతులు కట్టుకుని నిలబడేది. ఆ తర్వాత పక్క సీట్లో కూర్చుని, "నువ్వు కారును చూశావుగా, ఇప్పుడు కారు నిన్ను చూస్తుంది. పోనీయ్" అనేది. మార్కెట్ సందులోంచి వెళ్లి, క్వారీ కొండ ఎక్కి, పైనున్న రేడియో టవర్ దాకా పోయి తిరిగి రావాలి. నడిపే తీరు నచ్చకపోతే ఎంతిస్తానన్నా తాళాలు తీసుకుని జేబులో వేసుకునేది.

అసలు పేరు ఆమెకూ ఆమె లైసెన్సుకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ముప్పై ఏళ్లు దాని మీద కాలుపెట్టి కూర్చుంది కనుక బ్రేకమ్మ అయింది. ఆ కాలికి ఇంకో బుద్ధి తెలియకుండా పోయింది. బస్సెక్కినా, ఇంకొకరి కారెక్కినా, ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే నేలను గట్టిగా తొక్కేది. ఇంట్లో టీవీ చూస్తున్నా అంతే. సోఫాలో ఆమె కూర్చునే చోట తివాచీ పాదమంత మేర అరిగిపోయి, కింద గచ్చు కనిపించేది. ఊళ్లో సగం మందికి నెమ్మదిగా నడపడం నేర్పిన మనిషి, సెలవు రోజు వచ్చిందంటే సొంత కారులో క్వారీ కొండను ఒక్క ఊపున ఎక్కేసేది. అడిగితే, "వాళ్లకి చేతకాదు కాబట్టి నెమ్మది. నాకేం?" అనేది. బ్రేకమ్మకు వినయం ఎప్పుడూ చుట్టపుచూపుగా కూడా రాలేదు.

అలా ఆమె నాలుగు స్పోర్ట్స్ కార్లు కొంది. మూడు చేతులు మారిపోయాయి. నాలుగోది ఇప్పుడు ఇంటి పక్క షెడ్డులో అమ్మకానికి ఉంది, అదే వచ్చిన చిక్కు.

ఈ వేసవిలో ఆమె ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. "ఆరు నెలల దాకా క్లచ్ మాటెత్తొద్దు. ఆ తర్వాత చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆ చివరి 'చూద్దాం' ఆమెకు నచ్చలేదు. తను కూడా చేతకాని శిష్యులకు ఇన్నేళ్లూ అదే మాట చెప్పింది మరి. వెనక వీధిలో మందుల షాపు నడిపే కూతురు అదే అదనుగా పట్టుకుంది.

"అమ్మా, నిలబెట్టిన కారు చస్తుందని నువ్వేగా ఊరందరికీ చెప్పేదానివి. బ్యాటరీ పోతుంది, టైర్లు పాడవుతాయి. నాన్నకి నడపడం రాదు. నాకు నువ్వు నేర్పలేదు."

"నేర్పుదామని కూర్చోబెడితే మొదటి రోజే ఏడ్చావు."

"నువ్వు ఏడిపించావు కాబట్టి. సరే, అది వదిలెయ్. నీ పరీక్షలో పాసైనవాళ్లకే ఇవ్వు. కానీ పాసైతే మాత్రం ఇచ్చెయ్యాలి. మాటిస్తావా?"

"ఇస్తున్నాను" అంది బ్రేకమ్మ. అంత తొందరగా ఒప్పుకుందంటే కారణం ఉంది. ఈ కారును నడపగలిగినవాళ్లు ఊళ్లో తను తప్ప ఇంకొకరు లేరని ఆమె నమ్మకం. అమ్మడం ఆమెకు కొత్తేమీ కాదు. అమ్మిన ప్రతిసారీ 'ఇంకోటి వస్తుందిలే' అనుకుంది, వచ్చింది కూడా. ఈసారి ఆ మాట అనుకోవడానికి ధైర్యం చాలడం లేదు. ఈ కారు గడప దాటితే ఇక జీవితమంతా ఎవరో నడిపితే పక్కన కూర్చునే మనిషిగా మిగిలిపోతానని ఆమె భయపడింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, మొగుడితో కూడా.

సాయంత్రమైతే చేతికర్ర పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, పడుకోబెట్టిన పాత టైరు మీద పాత దిండొకటి వేసుకుని కూర్చునేది. ఎదురుగా పచ్చ కారు. కూర్చున్నంతసేపూ ఒక కారు తర్వాత ఒకటి గుర్తుకొచ్చేవి.

మొదటిది పసుపు రంగుది, రెండు తలుపులది. దాని పేరు నిమ్మకాయ. అప్పుడు ఆమె ఒక లాండ్రీలో వ్యాను నడిపేది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, ఊరి లైబ్రరీ కర్టెన్లు ఉతికినవి దించి, మాసినవి ఎక్కించుకుని వచ్చేది. ఆమె నాన్న టింకరింగ్ మేస్త్రి. గుద్దుకుని నుజ్జయిన కార్లను సుత్తితో కొట్టి, మళ్లీ కారు ఆకారం తెప్పించేవాడు. ఎవరో చెట్టుకు గుద్ది వదిలేసిన నిమ్మకాయను ఆమె తన జీతంతో కొంటే, ఆయన ఒక తలుపు వేరే కారుది తెచ్చి బిగించాడు. ఎంత రంగు కలిపినా ఆ తలుపు మిగతా కారుతో కలవలేదు. "పోనీలేమ్మా, సవతి తలుపనుకో" అన్నాడు. ఆ సవతి తలుపు పైనుంచే వానొస్తే నీళ్లు కారేవి.

వాన కురుస్తున్న ఒక సాయంత్రం బస్టాపులో లైబ్రేరియన్ గారు నిలబడి ఉన్నాడు. కర్టెన్ల పుణ్యమా అని ముఖపరిచయం ఉంది. ఎక్కమంది. ఎక్కాడు. నీళ్లు నెత్తిన పడుతుంటే ఏమీ అనకుండా కారులోనే గొడుగు తెరుచుకున్నాడు. మొదటి మలుపులో కళ్లు మూసుకున్నాడు, మళ్లీ ఇంటి ముందు ఆగేదాకా తెరవలేదు.

"వచ్చేశామా?" అన్నాడు.

"వచ్చేశాం. భయమేసిందా?"

"కళ్లు తెరిస్తే భయం. మూసుకుంటే బాగానే ఉంది. మీ కారు ఎత్తు ఎక్కేటప్పుడు గొంతు మారుస్తుంది, పాట మధ్యలో శ్రుతి మార్చినట్టు. అది విన్నాను."

అంతకు ముందు ఆ సీట్లో కూర్చున్న మగాళ్లలో కొందరు నెమ్మదిగా పోనివ్వమన్నారు, కొందరు గేరు ఎప్పుడు మార్చాలో చెప్పారు, ఒకడైతే స్టీరింగ్ ఇలా ఇవ్వమన్నాడు. ఒక్కడంటే ఒక్కడు కారును వినలేదు. ఆ రాత్రి ఆమె నాన్నతో, "పెళ్లి చేసుకుంటే ఆ గొడుగాయననే చేసుకుంటాను" అంది. చేసుకుంది. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, ఆమె నోటికి తాళం లేదు. కాపురం హాయిగా సాగింది. ప్రతి సెలవు రోజూ కొండ మీదికి ప్రయాణం, పక్క సీట్లో ఆయన, ఒళ్లో ఫ్లాస్కు, కళ్లు మూతలు. డ్రైవింగ్ నేర్పుతానని ఆమె ఎన్నిసార్లు అడిగినా, "మనింట్లో ఒకరు తిట్టడానికీ ఒకరు పడడానికీ ఇప్పటికే కుదిరిపోయింది కదా, దాన్ని కారులోకి కూడా ఎందుకు" అని తప్పించుకునేవాడు.

నిమ్మకాయను అమ్మే రోజునే ఆ పరీక్ష పుట్టింది. మొదట వచ్చినవాడు పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసి, చేయగానే యాక్సిలరేటర్ బుర్రుమనిపించాడు. నిద్రలేవగానే మనిషిని పరిగెత్తించినట్టు ఉంది ఆమెకు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళాలు లాక్కుంది.

"అమ్మేటప్పుడు కొనేవాడి మొహం చూడాలి గానీ, కాళ్లు చూస్తావేంటే?" అన్నాడు నాన్న.

"కారును తొక్కేది మొహంతో కాదు కదా నాన్నా" అంది.

చివరికి దాన్ని కాన్పులు చేసే నర్సుకు ఇచ్చింది. ఆ నర్సు కొండ దారిలో ఒక్క కుదుపు లేకుండా నడిపి, పైన కారు దిగి, బోనెట్ మీద చెయ్యి వేసి వేడి చూసింది. అది చాలనుకుంది బ్రేకమ్మ. తర్వాత చాలా ఏళ్లపాటు ఏ అర్ధరాత్రి ఎవరింట్లో నొప్పులు మొదలైనా నిమ్మకాయే పరిగెత్తింది. వీధిలో కుర్రకారును చూపించి, "వీడు నా నిమ్మకాయ మీద వచ్చాడు, అది కూడా నా నిమ్మకాయ మీదే వచ్చింది" అని ఇప్పటికీ లెక్క చెబుతుంది.

రెండోది ఎర్రది. మిరపకాయ. ముక్కు వాలుగా, వెనక ఎత్తుగా, పరుగుపందెంలో వంగి నిలబడినట్టుండేది. దాని హెడ్‌లైట్లు మీట నొక్కితే రెప్పలు తెరిచినట్టు పైకి లేచేవి. లేవాలి, కానీ ఒకటే లేచేది. చీకటి పడితే చాలు, లైబ్రేరియన్ గారి భార్య కారు ఊరందరికీ కన్ను కొడుతుందని చెప్పుకునేవారు. వీధి మలుపులో నిలబడే పోలీసు ఒకసారి ఆపి, "అమ్మా, ఇది నన్ను చూసి రోజూ కన్ను కొడుతోంది, మా ఆవిడకు ఏం చెప్పమంటారు?" అన్నాడు. నాన్న రెండుసార్లు బాగుచేశాడు. రెండుసార్లూ ఆ కన్నే మొండికేసింది. కూతురు పుట్టాక వెనకనున్న చిన్న సీట్లో తొట్టె పట్టింది. తొట్టె పోయి పిల్ల కూర్చుంది. పిల్ల మోకాళ్లు గడ్డానికి తగిలేదాకా ఆ కారు ఇంట్లోనే ఉంది.

దాన్ని అమ్మడం మాత్రం ఆమెకు సులువుగా కాలేదు. లాండ్రీ మూతపడింది. ఆడవాళ్లకు వ్యాను నడిపే పని ఇంకెవరూ ఇవ్వలేదు. అప్పుడు ఆమె, "పని ఎవరూ ఇవ్వకపోతే నడపడమే నేర్పుతాను" అంది. ఇంటి కింద షట్టరు గది తీసుకోవాలి, రెండు బ్రేకులున్న కారు కొనాలి. మిరపకాయ పోతే తప్ప అది జరగదు. పళ్ల డాక్టరు వచ్చాడు. అవసరం ఎంతున్నా ఆయన్ను రెండుసార్లు ఫెయిల్ చేసింది. మూడోసారి ఆయన నిజంగానే నేర్చుకుని వచ్చాడు. తాళాలు ఇచ్చి, ఇంట్లోకి వచ్చి, బాత్రూములో నీళ్లు వదిలి ఏడ్చింది. మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి బయట నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆ రోజు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

మూడోది నల్లది, దాని సంగతి ఆమె తనంతట తాను ఎత్తదు. స్కూలు బాగా నడిచి, ఎదురుగా మీసాలాయన ఇంకో డ్రైవింగ్ స్కూలు తెరిచినా శిష్యులు ఈ వైపే వస్తున్న రోజుల్లో, ఆ గర్వంతో కొంది. వేగం పెంచే టర్బో ఉన్న కారు. మెరుపు చూసింది, సీట్లు చూసింది, వెనక రెక్క చూసింది. లైబ్రేరియన్ గారు పక్కన కళ్లు మూసుకుని కాసేపు విని, "దీనికి దగ్గుందే" అన్నాడు.

"కారుకు దగ్గేంటండీ, మీరు పుస్తకాలు చూసుకోండి" అని నవ్వేసింది.

కొన్న నెలలోనే కొండ మీద మూడో మలుపులో దాని ఇంజన్ ఆయన చెప్పినట్టే దగ్గి, పొగ కక్కి, ప్రాణం వదిలింది. మీసాలాయన తన స్కూలు కారుకు తాడు కట్టి దాన్ని కిందికి లాక్కొచ్చాడు. ఊరంతా చూసింది. పులి మీద పుట్రలా, తాడు మీద ఆయన స్కూలు బోర్డు కూడా వేలాడుతోంది. ఆమె ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "మీరు చెప్పారు, నేను వినలేదు" అంది. ఆయన, "నేను చెప్పింది కూడా దగ్గే అనుకున్నావులే" అని నీళ్ల గ్లాసు జరిపాడు. ఆ కారును పాలిటెక్నిక్ కాలేజీ తీసుకుపోయి, పిల్లలకు లోపల ఏముంటుందో చూపించడానికి నిలువునా కోసింది. "చివరికి అదీ పంతులమ్మే అయింది" అని బ్రేకమ్మ సర్దిచెప్పుకుంది.

ఇక ఈ పచ్చది, చిలక. రెండే సీట్లు, గుడ్డ టాపు. టాపు వెనక్కి మడిస్తే నెత్తి మీద ఆకాశం. కూతురి చదువు అయ్యి, మందుల షాపు తెరిచాక, ఇక ఎవరి కోసమూ ఏదీ అమ్మక్కర్లేని రోజు వచ్చాక కొంది. కొనేముందు మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టి, "వినండి" అంది. ఆయన చాలాసేపు విని, "ఆరోగ్యంగా ఉంది, తీసుకో" అన్నాడు. అప్పటినుంచి కొండ దారి వాళ్లిద్దరిదీ. గాలికి ఆయన నెత్తిన ఉన్న నాలుగు వెంట్రుకలూ నిలబడేవి, కళ్లు మాత్రం షరా మామూలుగా మూతలే.

ఇంత కథ ఉన్న కారును కొనడానికి ఆ నెలలో ముగ్గురు వచ్చారు. మొదటివాడు ఒక చెయ్యి కిటికీ బయట ఆరేసుకుని నడిపాడు. మార్కెట్ దాటకముందే దింపేసింది. రెండో ఆవిడ క్లచ్ మీంచి కాలు తీస్తే ఒట్టు. కొండ మొదట్లోనే కాలిన వాసన వచ్చింది, అక్కడితో సరి. మూడో అతను సిటీ బస్సు డ్రైవరు. అతను అద్దాలు సర్దుకున్నాడు, ఇంజన్ వేడెక్కేదాకా ఆగాడు, మలుపులన్నీ వెన్నలో కత్తిలా తీశాడు. కారు చేజారుతోందని బ్రేకమ్మకు అర్థమైంది. తిరిగొచ్చి ఇంటి ముందు ఆపాక, "హారన్ ఎక్కువ కొట్టావు. ఫెయిల్" అంది.

"ఒక్కసారే కొట్టానమ్మా, మేక అడ్డం వస్తే" అన్నాడు అతను.

"ఆ ఒక్కసారీ ఎక్కువే."

అతను తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. గేటు దగ్గర నిలబడి కూతురు అంతా చూసింది.

"అమ్మా, నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటే ఎలా? ఇన్నేళ్లలో నువ్వు ఎవరినైనా అన్యాయంగా ఫెయిల్ చేశావా?"

కూతురు అన్నది నిజమే. పళ్ల డాక్టరును అంత అవసరంలోనూ రెండుసార్లు తిప్పిపంపిన మనిషి, బాగా నడిపినవాణ్ణి మొదటిసారి అబద్ధం చెప్పి పంపింది. సిగ్గుగా అనిపించింది.

"ఇంకొక్కరిని చూస్తాను. ఈసారి నిజంగా చూస్తాను. ఆ మనిషి తప్పితే ఆ బస్సు డ్రైవరునే పిలిచి ఇచ్చేస్తాను" అంది.

"అయితే ఆదివారం ఒకాయన వస్తాడు. సిద్ధంగా ఉండు" అంది కూతురు.

శనివారం బ్రేకమ్మ తనే బకెట్ పక్కన పెట్టుకుని, టైరు మీద కూర్చున్నచోటి నుంచే చిలకను తుడిచింది. చేతికందినంత మేర ఆమె, అందని చోట లైబ్రేరియన్ గారు. ఆయన ఈ మధ్య రోజూ ఆమె మోకాలి వ్యాయామానికి వెళ్లిన సమయంలో లైబ్రరీకి పోతున్నాడు, పాత పుస్తకాలు సర్దడానికి పిలిచారట. రిటైరైన మనిషికి కాలక్షేపం దొరికిందిలే అనుకుంది ఆమె. పుస్తకాలు సర్దేవాడు పల్చటి అడుగున్న కొత్త బూట్లు ఎందుకు కొన్నాడో, ఇంటికి చెమటతో ఎందుకు వస్తున్నాడో ఆమెకు తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే టాపు మడిచి, తాళాలు పట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. వచ్చేవాడు ఎంత బాగా నడిపినా నిజమే చెప్పాలని గట్టిగా అనుకుంది. లోపల మాత్రం ఏడుపొస్తోంది. ఇంట్లోంచి లైబ్రేరియన్ గారు బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. చుట్టూ తిరిగి, స్టీరింగ్ వైపు తలుపు తీశాడు.

"ఏమండీ, మీరు ఆ పక్కన కూర్చుంటున్నారేంటి? ఇప్పుడు ఆయన వస్తాడు."

"వచ్చాడు" అన్నాడు ఆయన, అద్దం సర్దుకుంటూ. "నేనే."

ఆమె వీధి వైపు చూసింది. వీధికి అవతల తన స్కూలు అరుగు మీద మీసాలాయన నిలబడి, మీసం చాటున నవ్వుతున్నాడు. అప్పుడు అర్థమైంది.

"ఆయన దగ్గరా? పోయి పోయి ఆయన దగ్గర నేర్చుకున్నారా?"

"నీ దగ్గరైతే మన పిల్లలాగే నేనూ మొదటి రోజే ఏడ్చేవాణ్ణి. లైసెన్సు కూడా వచ్చింది, చూస్తావా?"

"లైసెన్సు ఊళ్లో అందరికీ ఉంది. పోనివ్వండి" అంది బ్రేకమ్మ.

ఆయన తాళం తిప్పాడు. ఇంజన్ మోగగానే అలవాటుగా కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు" అని అరిచింది.

"ఆ, ఆ" అని తెరిచాడు. ఇంజన్ వేడెక్కేదాకా ఆగాడు. మార్కెట్ సందులో తోపుడు బండి అడ్డం వస్తే కంగారుపడి క్లచ్ వదిలేశాడు, కారు ఎగిరిపడి ఆఫ్ అయింది. ఆమె కాలు నేలను తొక్కింది. మళ్లీ స్టార్ట్ చేశాడు. పక్కనుంచి ఒక సైకిలు దాటిపోయింది, ఇంకొకటి దాటింది, సంచులు మోసుకుంటూ ఒక ముసలాయన కూడా దాటాడు. ఈ నడిపే తీరుకు పాస్ మార్కులు ఎలా వేయాలో ఆమెకు అంతుపట్టలేదు. అబద్ధం చెప్పి బస్సు డ్రైవరును తిప్పిపంపింది, ఇప్పుడు అబద్ధం చెప్పి మొగుణ్ణి పాస్ చేయడం కూడా తప్పే.

కొండ మొదలైంది. మీసాలాయన ఈయన్ను ఎప్పుడూ చదునైన వీధుల్లోనే తిప్పాడు. లైబ్రేరియన్ గారు రోడ్డు అంచు అవతలికి ఒకసారి చూసి, స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

"ఇక్కడ ఇంత లోయ ఉందా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పావు కాదే."

"మీరు అడగలేదు. రోడ్డు చూడండి."

మొదటి మలుపు తీశాడు, బాగానే తీశాడు. రెండోదీ తీశాడు. ఇక మూడో మలుపు. వచ్చినవాళ్లందరి బండారం బయటపడే చోటు అదే. ఎత్తు, వంపు, రెండూ ఒక్కసారే వస్తాయి. గేరు ముందే మారిస్తే ఇంజన్ కీచుమంటుంది, ఆలస్యమైతే గుక్క తిప్పుకోలేక వణుకుతుంది. చాలామంది మీటర్ చూసి మారుస్తారు, తప్పుతారు. బస్సు డ్రైవరు మాత్రం తప్పలేదు, కానీ అతను కూడా మీటర్ చూశాడు. లైబ్రేరియన్ గారు మీటర్ వైపు చూడనేలేదు. తల కాస్త పక్కకు వంచాడు, పుస్తకాల అరల మధ్య ఎవరో గుసగుసలాడితే వినేటప్పుడు వంచినట్టు. క్లచ్ తొక్కాడు, గేరు వేశాడు, వదిలాడు. చిలక ఒక్క కుదుపు లేకుండా గొంతు మార్చుకుని మలుపులోంచి పైకి లేచింది. తను ఇన్నేళ్లూ మార్చిన చోటు అదే. ఒక గజం అటూ లేదు, ఇటూ లేదు.

బ్రేకమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఇది ఆ మీసాలాయన నేర్పలేదు."

"లేదు. నువ్వే నేర్పావు" అన్నాడు ఆయన, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "నిమ్మకాయకైతే ఇక్కడ కాస్త ముందే మార్చేదానివి, పాపం దానికి ఊపిరి తక్కువ. మిరపకాయకు ఇంకాస్త పైకి వచ్చాక. నల్లది ఇక్కడే దగ్గి ఆగిపోయింది. కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నానని అనుకున్నావా?"

తన కార్ల కథలన్నీ తనొక్కదానివే అనుకుంటూ ఇన్ని సాయంత్రాలు షెడ్డులో కూర్చుంది. పక్క సీట్లో ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర అవన్నీ, ఏ మలుపులో ఏ కారు ఏం పలికిందో సహా, భద్రంగా ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈ కారును వినగలిగినవాడి కోసం తను వీధి వీధంతటికీ పరీక్ష పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

టవర్ దగ్గర కారు ఆగింది. ఆయన హ్యాండ్‌బ్రేక్ వేసి, బెంచీ మీద కూర్చున్న పిల్లాడిలా చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మార్కెట్లో ఆఫ్ చేశారు" అంది ఆమె.

"చేశాను."

"తాబేలు కూడా దాటిపోయేలా నడిపారు."

"నడిపాను."

"మూడో మలుపు నాకన్నా బాగా తీశారు. పాస్. నిజంగానే పాస్." ఆమె తాళాలు ఆయన చేతిలో పెట్టి, గుప్పిట మూసింది.

దిగేటప్పుడు ఆయన ఇంకా నెమ్మదిగా నడిపాడు. సగం దారిలో ఆమె కిందికి చూసుకుంది. కుడికాలు నేలను తొక్కడం లేదు. ఎప్పుడు వెనక్కి తీసుకుందో తెలియదు. మిగతా సగం దారీ కళ్లు మూసుకుని కూర్చుంది. చిలక నిజంగానే పాడుతోంది. ఇన్నేళ్లుగా నడిపే హడావుడిలో పడి ఆ పాటను ఎప్పుడూ కూర్చుని వినలేదు.

ఆ తర్వాత చిలక ఒక్క వారం కూడా నిలబడిపోలేదు. ఆయన కూరగాయలకు తీసుకెళ్లాడు, కూతురి షాపుకు మందుల పెట్టెలు తెచ్చాడు, మోకాలి వ్యాయామానికి ఆమెను దించాడు. ఒకరోజు డాక్టరు ఆమె కాలును అటూ ఇటూ వంచి, నొక్కి, "ఇక క్లచ్ తొక్కుకోండి" అన్నాడు. ఆమె చేతికర్రను ఆసుపత్రిలోనే వదిలేసింది. ఇంటికి రాగానే గోడకున్న మేకు దగ్గరికి వెళ్లింది. తాళాలు లేవు. లైబ్రేరియన్ గారి చొక్కా జేబులో ఉన్నాయి.

"ఇవ్వండి."

"కారు ఎవరిది?" అన్నాడు ఆయన, పేపరు దించకుండా.

"మీదే."

"మన ఇంట్లో కారు తీసుకోవాలంటే పద్ధతి ఏంటి?"

వీధి వీధంతా బయటికి వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు, కూతురే అయ్యుండాలి. ఎదురు అరుగు మీద మీసాలాయన కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాడు. బ్రేకమ్మ సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సర్దుకుంది. జన్మలో మొదటిసారి ఆమె అరచేతులకు చెమట పట్టింది. క్లచ్ వదిలింది. కారు ఎగిరిపడి, గేటు దాటకుండానే ఆఫ్ అయింది. వీధి గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వింది. తాళం మళ్లీ తిప్పింది.

మార్కెట్ సందు దాటాక ఇక ఎవరూ నవ్వడానికి మిగల్లేదు. కొండ మొదట్లో ఆమె యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే చిలక తన పాత యజమానురాలిని గుర్తుపట్టి ముందుకు దూకింది. గాలి చెవుల్లో హోరెత్తింది. మోకాలు నొప్పి పెట్టలేదు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆమెకు 'నాదే, ఈ కాలు నాదే' అనిపించింది. మొదటి మలుపు, రెండో మలుపు, మూడోది, పైన టవర్. కారు ఆపేసరికి ఆమె ఊపిరి పీల్చుకోవడానికి కూడా నవ్వు అడ్డం వస్తోంది. పక్కకు చూసింది. పరీక్ష పెట్టేవాడు ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని, హాయిగా కళ్లు మూసుకుని ఉన్నాడు.

"వచ్చేశామా?" అన్నాడు.

"వచ్చేశాం. పాసా, ఫెయిలా?"

ఆయన కళ్లు తెరిచి, లోయను ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఫెయిల్."

"ఎందుకు?"

"హారన్ ఎక్కువ కొట్టావు."

"నేను హారన్ కొట్టనే లేదు కదండీ."

"ఏమో, నాకు వినిపించింది. కిందికి తిప్పు. మళ్లీ మొదటి నుంచి ఎక్కించు, చూద్దాం."

బ్రేకమ్మ మారు మాట్లాడకుండా కారు తిప్పింది.